బడి అన్నం

అమెరికాలో మూడేళ్ళు పాఠాలు చెప్పి వచ్చానని తెలిసిన వాళ్ళలో చాలామంది జీతం ఎంతని అడిగారు. కొందరు, అక్కడి పిల్లలు మాట వింటారా అని అడిగారు. మా అమ్మ మాత్రం నేను వెళ్ళిన మొదటి వారంలోనే ఫోన్లో, "బళ్ళో పిల్లలకి ఏం పెడతన్నారే అక్కడ?" అని అడిగింది.

అది కాలక్షేపానికి అడిగిన మాట కాదు. అమ్మ బడి వంటమనిషి. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకి కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీను ఉండే వేడి భోజనం, ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో అది 2003 జనవరిలో మొదలైంది. నాగాయలంక దగ్గర మా ఊళ్ళో డ్వాక్రా గ్రూపు తరఫున ముగ్గురు ఆడవాళ్ళు వంటకి కుదిరారు. అందులో అమ్మ ఒకరు. నేనప్పుడు బందరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సెలవులకి ఇంటికెళితే అమ్మ ఒంటినిండా కట్టెల పొగ వాసన. బడి వెనక చింతచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి వండేవాళ్ళు. రేకుల షెడ్డు తర్వాతెప్పుడో వచ్చింది, గ్యాసు ఇంకా తర్వాత. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు వీళ్ళే కొని పెట్టాలి, బిల్లు తర్వాత వస్తుంది. ఆ తర్వాత అనేది నాలుగు నెలలు కావచ్చు, ఆరు కావచ్చు. కిరాణా కొట్లో అరువు పెరిగిపోయినప్పుడు అమ్మ చెవి దిద్దులు తాకట్టులోకి వెళ్ళి వస్తూ ఉండేవి. ప్రభుత్వ పథకానికి పెట్టుబడి మా అమ్మ చెవులు పెట్టేవి అన్నమాట.

మేం మాలవాళ్ళం, క్రైస్తవులం. మొదటి సంవత్సరం ఎనభైమంది పిల్లల్లో ముప్ఫైమంది కూడా ఆ అన్నం తినలేదు. మిగిలినవాళ్ళు ఇంటి నుంచి క్యారియరు తెచ్చుకునేవాళ్ళు, లేదా బెల్లు కొట్టగానే ఇళ్ళకి పరుగెత్తేవాళ్ళు. ఎవరూ పైకి ఏమీ అనలేదు. "మావాడికి పడదు" అనేవాళ్ళు, అంతే. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు మళ్ళీ ఒక ఆదేశం ఇచ్చింది, వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని. నేనది చాలా ఏళ్ళ తర్వాత చదివి అమ్మకి చెప్పాను. "కోర్టోళ్ళు చెబితే మాత్రం, తినేది పిల్లలు, పంపేది వాళ్ళమ్మలు" అంది. మా ఊళ్ళో క్యారియర్లు తగ్గింది కోర్టు వల్ల కాదు. 2003, 2004ల్లో దివిసీమ చివరి భూములకి కాలవ నీళ్ళు సరిగా అందలేదు. రెండు పంటలు దెబ్బతిన్నాక క్యారియర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వచ్చి కూర్చున్న పిల్లల్ని అమ్మ ఏమీ అడగలేదు, వడ్డించింది.

అమ్మ వడ్డించే పద్ధతి ఒకటుంది. గరిటె ఎత్తే ముందు పిల్ల మొహం చూస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది, ఆ తర్వాతే పళ్ళెంలో వేస్తుంది. వంద మంది ఉన్నా అంతే. దాని వెనక ఉన్నది 1977 నవంబరు 19. ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకి పన్నెండేళ్ళు. దివిసీమలో పదివేలమందికి పైగా పోయిన ఆ రాత్రి మా అమ్మమ్మ, ఇద్దరు మేనమామలు పోయారు. మిగిలిన వాళ్ళు అవనిగడ్డలో సహాయం అన్నం కోసం వరసలో నిలబడ్డారు. "పెట్టేవోళ్ళు మన మొకం చూడరే, గిన్నె చూత్తారు" అనేది అమ్మ. పెట్టినవాళ్ళ మీద ఆమెకి కోపం లేదు, వాళ్ళు లేకపోతే బతికేవాళ్ళం కాదని కూడా అంటుంది. కానీ తన వంతు వచ్చినప్పుడు మాత్రం మొహాలు చూసి పెట్టింది.

నేను బి.ఇడి. చేసి గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పదేళ్ళు లెక్కలు చెప్పాను. 2016 ఆగస్టులో ఎక్స్చేంజ్ టీచర్ వీసా మీద సౌత్ కరోలినా వెళ్ళాను. అక్కడి పల్లె జిల్లాల్లో లెక్కలకీ సైన్సుకీ టీచర్లు దొరకరు. జీతాలు తక్కువ, పిల్లలు పేదవాళ్ళు, అమెరికా టీచర్లు నిలవరు. ఆ ఖాళీల్లోకి ఫిలిప్పీన్స్ నుంచి, జమైకా నుంచి, మన దగ్గర నుంచి మనుషుల్ని తీసుకువెళ్ళే ఏజెన్సీలు ఉన్నాయి. వాళ్ళకి కట్టే ఫీజుల సంగతి ఇంకో వ్యాసం అవుతుంది. నాకు దొరికింది సముద్రానికి కాస్త లోపలగా, పల్లపు ప్రాంతంలో ఒక మిడిల్ స్కూలు. పిల్లల్లో ముప్పాతికమంది నల్లవాళ్ళు. ఊరి పేరు, బడి పేరు రాయడం లేదు. నేను రాయబోయే కొందరు ఇంకా అక్కడే ఉన్నారు.

నా తరగతికి లంచ్ 10 గంటల 52 నిమిషాలకి. తప్పు రాయలేదు, పదకొండు కూడా కాకముందే. కెఫెటేరియా చిన్నది, పిల్లలు ఎక్కువ, అందుకని పదిన్నర నుంచి ఒంటిగంట దాకా వంతులు వేస్తారు. పాతిక నిమిషాల్లో వరసలో నిలబడి, తిని, ట్రే పడేసి, మళ్ళీ వరస కట్టి తరగతికి రావాలి. టీచరు కూడా పిల్లలతోనే ఉండాలి. చాలామంది టీచర్లు ఇంటినుంచి తెచ్చుకుంటారు. పెద్దవాళ్ళ భోజనానికి ప్రభుత్వ రాయితీ ఉండదు, అందుకని పిల్లల కంటే మా దగ్గర ఎక్కువ తీసుకుంటారు. నేను వెళ్ళినప్పుడు మూడు డాలర్ల పైచిలుకు. అయినా నేను రోజూ అక్కడే తిన్నాను. పొద్దున్నే ఆరింటికి బస్సు డ్యూటీకి బయలుదేరేదాన్ని, వండుకునే తీరిక లేకపోవడం ఒకటి. సాయంత్రం అమ్మకి చెప్పాల్సి ఉండటం రెండోది. నాకు సాయంత్రం అయితే అమ్మకి తెల్లవారేది. బడికి వెళ్ళేముందు ఆమెకి నా ట్రే లెక్క వినాలి.

అయిదు గుంటల ట్రే. చికెన్ నగ్గెట్లు అయిదు, ఉడికించిన మొక్కజొన్న గింజలు, చక్కెర పాకంలో పీచ్ ముక్కలు, ఒక బ్రెడ్ రోల్, చిన్న అట్టపెట్టెలో చాక్లెట్ పాలు. ఇంకోరోజు నలుచదరం పిజ్జా. ఇంకోరోజు చీజ్ వేసిన మాకరోనీ, దానితో కొలార్డ్ ఆకుకూర. ఈ ఆకుకూర ఒక్కటే నాకు ఇంటి తిండిలా అనిపించేది, కాస్త గోంగూర కాడల దారిలో ఉంటుంది, పులుపు లేకుండా. కారం లేదు. ఉప్పు కూడా 2010 చట్టం తర్వాత తగ్గించారు. పిల్లలు జేబుల్లో కారం సాసు పొట్లాలు తెచ్చుకునేవాళ్ళు. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి రోజూ నాకోటి ఇచ్చేది. ఇండియా వాళ్ళం కాబట్టి మాకు అవసరం అని.

అక్కడ ఒక నియమం ఉంది. మాంసకృత్తులు, ధాన్యం, కూర, పండు, పాలు అనే అయిదింటిలో పిల్లలు కనీసం మూడు తీసుకోవాలి, అందులో ఒకటి పండో కూరో అయి తీరాలి. తీసుకోకపోతే ఆ భోజనానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వదు. కాబట్టి పిల్ల యాపిల్ తీసుకుంటుంది. కంప్యూటరు దగ్గర లెక్క పడుతుంది. పది అడుగులు నడిచి యాపిల్‌ని చెత్తడబ్బాలో వేస్తుంది. నేను ఇది చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. "కొరికి చూడకుండానే?" అంది చివరికి. విప్పని పాలూ కొరకని పండ్లూ పెట్టడానికి ఒక బల్ల ఉంటుంది, కావలసినవాళ్ళు తీసుకోవచ్చు అని చెబితే కొంచెం ఊరట చెందింది. బల్ల మీది పాలు రోజూ రెండు తీసుకునే పిల్లవాడు ఒకడుండేవాడు. కెఫెటేరియా దాటి బయటికి తీసుకెళ్ళకూడదు. వాడు తీసుకెళ్ళేవాడు. ఇంట్లో తమ్ముడున్నాడని అందరికీ తెలుసు. ద్వారం దగ్గర ఆ రోజు డ్యూటీ ఎవరిదైనా ఆ ఒక్క నిమిషం ఇంకోవైపు చూసేవాళ్ళం.

ఆ వంటశాలకి పెద్ద ఒక నల్లజాతి ఆవిడ. అరవై దాటాయి. ముప్ఫై ఏళ్ళుగా అదే బళ్ళో వండుతోంది. పిల్లలు కీబోర్డు మీద తమ నంబరు నొక్కి ముందుకి కదులుతారు, అంటే పేరుతో పని లేదు. కానీ ఆవిడ ప్రతి పిల్లనీ "బేబీ" అంటూ పలకరించి, మొహం చూసి గరిటె ఎత్తేది. నాకు మొదటిరోజే అర్థమైంది నేనెవరి ముందు నిలబడ్డానో.

బుధవారం అన్నం, గ్రేవీ ఉండేది. అన్నం పుల్లలు పుల్లలుగా వార్చినట్టు వచ్చేది. అంత పెద్ద ట్రేలలో, ఆవిరి ఓవెన్లో, అన్నం అలా రావడం ఎంత కష్టమో వంటమనిషి కూతురిగా నాకు తెలుసు. ఆ మాట చెబితే ఆవిడ నవ్వి, మీరూ అన్నం మనుషులేనా అని అడిగింది. మేం సముద్రం పక్కన, నది రెండు పాయలుగా చీలిన చోట, వరిచేల మధ్య పుట్టినవాళ్ళం అన్నాను. మేమూ అంతే అంది.

నిజంగానే అంతే. సౌత్ కరోలినా తీరమంతా ఒకప్పుడు వరి. సముద్రపు పోటుతో నది నీళ్ళు ఎగదన్నినప్పుడు తూముల గుండా మంచినీళ్ళని చేలలోకి పెట్టి, పాటుకి తీసేసేవాళ్ళు. ఆ గట్లు పోసింది, తూములు పెట్టింది, నాటింది, కోసింది, దంచింది పశ్చిమాఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. వరి పండించే ప్రాంతాల వాళ్ళని ఇక్కడి తోటల యజమానులు అడిగి కొనేవాళ్ళట. జూడిత్ కార్నీ అనే భూగోళ శాస్త్రవేత్త 2001లో 'బ్లాక్ రైస్' అనే పుస్తకం రాసింది. అమెరికా వరిసాగు వెనక ఉన్న పరిజ్ఞానం ఆఫ్రికా వాళ్ళది, అందులోనూ విత్తనం ఎంచడం, దంచడం, చెరగడం ఆడవాళ్ళది అని ఆమె వాదన. ఆమె ఎక్కువ చెప్పిందని విమర్శించిన చరిత్రకారులూ ఉన్నారు. నేను పుస్తకం కంటే ముందు చేట చూశాను. ఒక శనివారం ఆవిడ తన కారులో నన్ను చార్ల్‌స్టన్ వైపు తీసుకెళ్ళింది. 17వ నంబరు రోడ్డు పక్కన ఆడవాళ్ళు గడ్డితో అల్లిన బుట్టలు అమ్ముతున్నారు. వాటిలో ఒకటి గుండ్రంగా, వెడల్పుగా, అంచు తక్కువగా ఉంది. వడ్లు చెరగడానికి అల్లేవాళ్ళు, ఇప్పుడు గోడకి తగిలించుకుంటున్నారు. నేను చేతిలోకి తీసుకుని ఊరికే నాలుగుసార్లు చెరిగి చూపించాను. బుట్టలమ్మే ఆవిడ, మా వంటావిడ ఇద్దరూ పగలబడి నవ్వారు. వాళ్ళు చూసిన బామ్మలూ అలాగే చేసేవాళ్ళట, మోచేతులు కదలకుండా. బుట్ట ధర నా వారం సరుకుల ఖర్చు కంటే ఎక్కువ. కొనలేదు.

ఇక పెద్దకూర సంగతి.

ఇండియా వాళ్ళు ఆవుమాంసం తినరని అమెరికాలో అందరికీ గట్టిగా తెలుసు. నేను చేరిన రెండో వారం, మంగళవారం, టాకోలు. నేను వరసలోకి రాగానే మా పెద్దావిడ నా కోసం విడిగా చేసిన చీజ్ శాండ్‌విచ్ అందించింది. మీకు పడదని తెలుసు, అందుకే పక్కన చేశాను అంది. ఎవరూ అడక్కుండా నా కోసం విడిగా వండిపెట్టడం జీవితంలో అదే మొదటిసారి. అదీ నాది కాని కులం పేరు మీద. నాకు నవ్వొచ్చింది, గొంతుకేదో అడ్డమూ పడింది. ఆవిడ మర్యాదని ఎలా కాదనాలో తెలియక మూడు మంగళవారాలు ఆ శాండ్‌విచ్ తిన్నాను.

మా ఇంట్లో ఆదివారం చర్చి నుంచి రాగానే పెద్దకూర పొయ్యెక్కేది. వాసన బయటికి పోకుండా తలుపు దగ్గరగా వేసేవాళ్ళు కాదు, మా పేటంతా అదే వాసన. బందరులో చదువుకునేటప్పుడు మాత్రం గది అద్దెకి ఇచ్చేవాళ్ళు ఏం తింటారు అని అడిగితే చేపలు, కోడి అని ఆగాలి. గుడివాడ స్టాఫ్ రూములో పదేళ్ళు ఆ పదం నా నోట రాలేదు. నేను అమెరికా వెళ్ళిన సంవత్సరం ఎలాంటిదో మీకు గుర్తుండే ఉంటుంది. 2016 జనవరిలో హైదరాబాదులో రోహిత్ వేముల పోయాడు. జులైలో గుజరాత్ ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టారు. ఆగస్టులో అమలాపురం దగ్గర అదే పని చేస్తున్న మనవాళ్ళని కొట్టారు. అదే ఆగస్టులో నేను విమానం ఎక్కాను.

నాలుగో మంగళవారం ఆవిడతో చెప్పాను, నేను తింటాను అని. మా దేశంలో తినేవాళ్ళూ ఉన్నారు, తింటే కొట్టేవాళ్ళూ ఉన్నారు, నేను తినేవాళ్ళ మనిషిని అన్నాను. నాకున్న ఇంగ్లీషులో కులం గురించి రెండు నిమిషాల్లో అంతకంటే చెప్పడం కుదరలేదు. నా వెనక ఏడో తరగతి పిల్లలు నిలబడి ఉన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. నా ట్రేలో రెండు టాకోలకి బదులు మూడు పెట్టింది.

నేను అద్దెకున్న ఇంట్లో మేం ముగ్గురం. అందరం టీచర్లమే, అందరం తెలుగువాళ్ళమే. ఒకావిడ మా బళ్ళోనే సైన్సు చెప్పేది, గుడివాడ వైపు మనిషి. ఆవిడ డబ్బా తెచ్చుకునేది, కానీ లంచ్ డ్యూటీ ఆ రోజు ఇద్దరిదీ పడింది. నా పక్కన కూర్చుని ట్రే చూసి, "అయ్యో, అది బీఫ్ అండీ, చూసుకోలేదా?" అని నా చెయ్యి పట్టుకుంది. "చూసుకున్నానండీ" అన్నాను. చెయ్యి మెల్లగా తీసేసింది. ఆ సాయంత్రం మా ఇంటిపేరు మళ్ళీ అడిగింది, మా నాన్నగారి తరఫు వాళ్ళది ఏ ఊరని అడిగింది. అడిగినవాటికి జవాబు చెప్పాను.

ఆ తర్వాత జరిగినవన్నీ చిన్నచిన్నవి. వంతుల వంట ఆగిపోయింది. ఎవరికి కావలసింది వాళ్ళు చేసుకుంటే టైము కలిసొస్తుంది అన్నారు. ఫ్రిజ్‌లో కింది అర నాకు వచ్చింది. ఒకరోజు నా గిన్నెల అడుగున ఎర్రటి గోళ్ళరంగు చుక్కలు కనిపించాయి. కలిసిపోకుండా గుర్తు పెట్టాం అన్నారు. వాళ్ళ గిన్నెలకి ఏ గుర్తూ లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని రాసెయ్యడం నాకు సులువు, కానీ నిజం కాదు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి నన్ను కారులో తిప్పింది వాళ్ళే. నాకు జ్వరం వచ్చిన రెండు రాత్రులు కూర్చున్నదీ వాళ్ళే. కాఫీ కలిపి ఇచ్చేవాళ్ళు, నేను కలిపితే మాత్రం అప్పుడే తాగాం అనేవాళ్ళు. వీకెండ్ వచ్చే ఒకావిడ భర్త, అట్లాంటాలో సాఫ్ట్‌వేర్, దారిలో తిన్న హాంబర్గర్ గురించి ఆనందంగా చెప్పేవాడు. అతను తింటే అలవాటు, నేను తింటే కులం. తిండి మీద మన స్త్రీవాదులు వంటింటి చాకిరీ గురించి చాలా రాశారు, అవసరమైనవే రాశారు. గిన్నె అడుగున గోళ్ళరంగు పెట్టేది కూడా ఆడవాళ్ళ చేతులే అన్నది ఆ పేజీల్లో తక్కువగా కనిపిస్తుంది. దళిత స్త్రీలు రాసినప్పుడే కనిపిస్తుంది.

రెండో సంవత్సరం బడికి దగ్గరలో ఒక గది తీసుకుని మారిపోయాను. అద్దె ఎక్కువైంది, ఇంటికి పంపేది తగ్గింది. అమ్మకి కారణం ఫోన్లో చెప్పాను. "అక్కడ కూడానా" అంది, ఒక్క మాట. మళ్ళీ వెంటనే, "ఇంతకీ మొన్న ఆ బీన్సు కూర పిల్లలు తిన్నారా?" అని అడిగింది.

అమ్మ ప్రశ్నల వల్లే నేను ఆ దేశపు బడి భోజనం చరిత్ర తిరగేశాను. జాతీయ చట్టం 1946 జూన్‌లో వచ్చింది. రైతుల దగ్గర మిగిలిపోయిన పంట కొనడం, పిల్లలకి పెట్టడం రెండూ అందులో ఉన్నాయి. కానీ డబ్బు పెట్టలేని పిల్లలకి అది చాలాకాలం అందలేదు. దాన్ని బయటపెట్టింది ఆడవాళ్ళు. నీగ్రో మహిళల జాతీయ మండలి, కాథలిక్, యూదు మహిళల మండళ్ళు, చర్చ్ విమెన్ యునైటెడ్, వైడబ్ల్యుసిఎ కలిసి, జీన్ ఫెయిర్‌ఫాక్స్ అనే నల్లజాతి స్త్రీ అధ్యక్షతన ఊరూరా తిరిగి వివరాలు సేకరించి, 1968లో 'దెయిర్ డెయిలీ బ్రెడ్' అనే నివేదిక ఇచ్చారు. సుమారు 5 కోట్ల మంది బడి పిల్లల్లో 1 కోటి 80 లక్షల మంది బళ్ళో తింటుంటే, ఉచితంగానో తగ్గించిన ధరకో దొరికేది 20 లక్షల మందికి కూడా కాదని లెక్క తేల్చారు. పేద పిల్లల్ని అందరిలో విడిగా కనిపించేలా చెయ్యకూడదని 1970లో చట్టం సవరించారు. మా పెద్దావిడ చిన్నప్పుడు ఉచిత భోజనం టికెట్టు రంగు వేరు. ఆ రంగు ఆవిడకి ఇప్పటికీ గుర్తుంది. ఆ టికెట్టు చేతిలో మడిచి పట్టుకుని, ఒక్కోరోజు వరసలోకి వెళ్ళకుండానే ఉండిపోయేదట. మా బళ్ళో నేనున్నప్పుడు ఆ బెడద లేదు. పేదరికం ఎక్కువున్న బళ్ళలో ఫారాలు అడక్కుండా అందరికీ ఉచితంగా పెట్టే పద్ధతి 2014లో దేశమంతా వచ్చింది. పక్క జిల్లాలో అది లేదు, అక్కడ పిల్లల పేర్ల మీద భోజనం అప్పులు ఉండేవి. కోవిడ్ రెండేళ్ళూ దేశమంతా ఉచితంగా పెట్టి, 2022 వేసవిలో ఆపేశారు. కాలిఫోర్నియా, మెయిన్ లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంత డబ్బుతో కొనసాగించాయి.

2018 సెప్టెంబరులో ఫ్లోరెన్స్ తుపాను వచ్చింది. తీరం ఖాళీ చెయ్యమన్నారు. బడి షెల్టరు అయింది, వంటశాల ఆడవాళ్ళు ముగ్గురూ వచ్చారు. ఉండగలిగిన టీచర్లని రమ్మన్నారు, నేను వెళ్ళాను. గాలి కంటే తర్వాత నదులు పొంగడమే ఎక్కువ బాధపెట్టింది. జిమ్ములో మంచాలు, బయట ఆగని వాన. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావ, గుడ్లు. వరసలో నిలబడిన వాళ్ళకి వడ్డించడం నా పని. ఎవరూ నాకు నేర్పనక్కర్లేదు. రెండో రాత్రి గిన్నెలు కడుగుతుంటే పెద్దావిడ వాళ్ళ బామ్మ చెప్పిన తుపాను గురించి చెప్పింది. 1893 ఆగస్టు 27న, దక్షిణంగా సముద్రపు లంకల్లో రెండు వేలమంది దాకా పోయారు, దాదాపు అందరూ నల్లవాళ్ళే. బానిసత్వం పోయాక సొంతంగా నాలుగు ఎకరాలు సంపాదించుకున్నవాళ్ళు. అమెరికా రెడ్‌క్రాస్ పెట్టిన క్లారా బార్టన్ వచ్చి నెలల తరబడి ఉండి తిండి గింజలు పంచింది. ఆ వరసలో నిలబడిన వాళ్ళలో ఈవిడ ముత్తవ్వ ఒకరు. నేను అవనిగడ్డ గురించి చెప్పాను. మా అమ్మ పన్నెండేళ్ళ పిల్లగా గిన్నె పట్టుకుని నిలబడటం గురించి చెప్పాను. అప్పుడావిడ మా అమ్మ ఫోటో చూపించమంది. రేకుల షెడ్డులో, పెద్ద డేగిసా పక్కన, కొంగు నడుముకి చుట్టుకుని ఉన్న ఫోటో. చాలాసేపు చూసి, డేగిసా ఎన్ని లీటర్లది, దాన్ని ఎత్తడానికి ఎవరు సాయం పడతారు అని అడిగింది.

ఆ రాత్రి మేమిద్దరం జీతాలు మాట్లాడుకున్నాం. బడి వంటవాళ్ళకి అక్కడా ఏడాదికి 180 రోజుల పనే, గంటకింత అని. వేసవిలో ఆవిడ మర్టిల్ బీచ్ హోటళ్ళలో గదులు శుభ్రం చేసేది. అమ్మకి ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. అప్పటికి నెలకి వెయ్యి రూపాయలు, అదీ పది నెలలకే. రాష్ట్రంలో 2019లో మూడు వేలు చేశారు. మే నెలలో అమ్మ ఉపాధి హామీ పనికి, కాలవ పూడిక తియ్యడానికి వెళ్ళేది. ఒక ఉచిత భోజనానికి అమెరికా ప్రభుత్వం 2018-19లో బడికి ఇచ్చింది 3 డాలర్ల 31 సెంట్లు. మన దగ్గర బియ్యం కాక మిగిలిన సరుకులకి కేంద్రం కట్టిన లెక్క 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల పిల్లకి 6 రూపాయల 78 పైసలు. రెండు దేశాల ధరలు పోల్చడం న్యాయం కాదని నాకూ తెలుసు. పైసల దాకా లెక్క కట్టిన వాళ్ళు వంటమనిషి మోకాళ్ళని ఏ పద్దులో రాశారన్నదే నాకు దొరకలేదు.

నేను 2019 జూన్‌లో తిరిగి వచ్చాను. మరుసటి జనవరిలో ఇక్కడ మెనూ మారింది. సోమవారం గుడ్డు కూర, చిక్కీ. మంగళవారం పులిహోర. శనివారం తీపి పొంగలి. పథకం పేరు జగనన్న గోరుముద్ద అయింది. 2024లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన ఆ పెద్దామె పేరు పెట్టడం నాకు ఇష్టమే. నాయకుల పేర్ల తర్వాత ఒక స్త్రీ పేరు వచ్చింది. కానీ ఆమె పెట్టింది తన ఇంట్లో, తన ఇష్టంతో. రాష్ట్రమంతా బళ్ళలో వండే ఆడవాళ్ళు చేసేది అన్నదానం కాదు, పని. దానగుణం పేరు బోర్డు మీద ఉంటే జీతం అడిగే గొంతు కాస్త తగ్గుతుందేమోనని నా అనుమానం.

అమ్మ 2022లో మానేసింది. పందొమ్మిదేళ్ళు చేసింది. మోకాళ్ళు వంగటం లేదు. మానేసిన రోజు సన్మానం లాంటిదేమీ జరగలేదు. ఆమె ఎప్పుడో వడ్డించిన పిల్లవాడొకడు, మొదటి ఏడాది క్యారియరు తెచ్చుకున్న ఇంటివాడే, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, ఇంటిదాకా దింపి డబ్బు తీసుకోలేదు. అమ్మ జాగాలో గ్రూపులోని ఇంకో ఆవిడ చేరింది. 2025 జూన్ నుంచి బడికి సన్నబియ్యం వస్తున్నాయి. మొదటి రెండు రోజులు అన్నం ముద్దయిందని తెలిసి అమ్మ కర్ర పట్టుకుని వెళ్ళింది. పాత బియ్యానికి పోసినంత ఎసరు దీనికి పొయ్యకూడదని, గిన్నెలో వేలు ముంచి ఎక్కడిదాకా నీళ్ళుండాలో ఆ అమ్మాయికి చూపించి వచ్చింది.